నీళ్లు చౌకా, మందు చౌకా?

దుబారా మనిషిని చూస్తే "డబ్బు మంచినీళ్లలా ఖర్చు పెడుతున్నాడు" అంటాం. ఈ మాట పుట్టించింది ఎవరోగాని, నీళ్లు చేదిన మనిషి మాత్రం అయివుండదు. నూతిలోంచి నాలుగు బిందెలు తోడి, చంకన పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చిన ఆడది నీళ్లను ఏనాడూ నీళ్లలా ఖర్చు పెట్టలేదు. బియ్యం కడిగిన నీళ్లు కుడితితొట్టిలోకి, బట్టలు జాడించిన నీళ్లు పెరటి గచ్చు కడగటానికి, అక్కణ్ణించి పారి అరటిపాదులోకి. మన ఇళ్లలో నీళ్లకు రెండో బతుకూ, మూడో బతుకూ ఎప్పుడూ వుండేవి.

ఇప్పుడు పట్నాల్లో అపార్టుమెంట్ల కాలం. పెద్ద సముదాయమైతే చాలు, ఒక ఈతకొలను కూడా వుంటోంది. ఇక ఖర్చుల కాగితంలో "క్లోరిన్" అని ఒక పద్దు, "స్టెబిలైజర్" అని ఇంకో పద్దు. అసోసియేషన్ మీటింగులో మగవాళ్లు ఏ మందు చౌక అని వాదించుకుంటారు. పొడి చౌకని ఒకరు, డబ్బాలో వచ్చే ద్రావకం చౌకని ఇంకొకరు, బిళ్లలయితే బాధ వుండదని మరొకరు. ఆ గొడవ మనకెందుకులే అని మనం లేచి వచ్చేస్తాం. కాని ఈ చౌకబేరం ఇవాళ్టిది కాదు. దీనికి రెండువందల ఏళ్ల పైబడిన చరిత్ర వుంది. ఆ చరిత్రలో బాలింతల ప్రాణాలున్నాయి, పసివాళ్ల ప్రాణాలున్నాయి, మగవాళ్లు ఈదేసిన నీళ్లలో ఈదిన ఆడవాళ్లున్నారు. కాబట్టి కాసేపు కూర్చుని వినదగ్గదే.

కథ నీళ్లతో మొదలవలేదు, బట్టలతో మొదలైంది. నేతబట్ట మగ్గం మీంచి దిగినప్పుడు మల్లెపూవులా వుండదు, గోధుమవన్నెలో వుంటుంది. దాన్ని తెల్లపరచటం పెద్ద పని. మన చాకిరేవుల్లో చవుడు కలిపి ఉడకబెట్టి, బండకేసి బాది, ఎండలో ఆరేసేవారు. పెడన, మచిలీపట్నం వైపు కలంకారీవాళ్ల పాత పద్ధతిలో గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి ఎండకు వేస్తారు. ఐరోపాలోనూ ఇదే తంతు. పచ్చికబయళ్ల మీద బట్టలు పరిచి, పులిసిన మజ్జిగలో నానబెట్టి, మళ్లీ పరిచి, నెలల తరబడి ఎండ కోసం ఎదురుచూసేవారు. స్కాట్లండు ఎండ సంగతి చెప్పేదేముంది! మన వడియాలు కూడా అక్కడ ఎండవు.

1774లో స్వీడన్ దేశంలో షీలే అనే మందుల తయారీదారు ఒక ఆమ్లాన్ని మాంగనీసు ఖనిజంతో కలిపి చూశాడు. పసుపుపచ్చగా, ముక్కు బద్దలయ్యే వాసనతో ఒక వాయువు వచ్చింది. ఆకులూ పూలూ అందులో పెడితే రంగు వెలిసిపోయాయి. 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఇది మూలకమని తేల్చి, పసుపుపచ్చని రంగుకు గ్రీకుభాషలో వున్న మాటనుబట్టి క్లోరిన్ అని పేరు పెట్టాడు. ఈలోగా ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తోలే 1785 ప్రాంతంలో ఈ వాయువుతో బట్టలు తెల్లపరచవచ్చునని చూపించాడు. అయితే వాయువును మూటగట్టి పంపటం ఎలా? 1799లో గ్లాస్గోలో ఛార్లెస్ టెనెంట్ అనే ఆయన క్లోరిన్‌ను పొడిసున్నానికి పట్టించి, పెట్టెల్లో పోసి అమ్మదగ్గ పొడి చేశాడు. అదే బ్లీచింగ్ పౌడర్. ఆ పేరుకి అర్థం బట్ట తెల్లపరిచే పొడి అని. మనకేమో మురిక్కాలవ పక్కన చల్లే పొడిగానే తెలుసు!

మొదట్లో ఆ పొడి టన్ను దాదాపు 140 పౌన్లు. 1870 నాటికి అదే టన్ను ఎనిమిదిన్నర పౌన్లకు దిగింది. ఈ అంకెలు జ్ఞాపకం పెట్టుకోండి. ఇక ముందు జరిగిన మంచికీ చెడ్డకీ చాలామటుకు ఈ ధర పడిపోవటమే కారణం.

* * *

ఇక వియన్నా నగరం వెళదాం. అక్కడి పెద్దాసుపత్రిలో పురుళ్ల వార్డులు రెండుండేవి. రెండో వార్డులో మంత్రసానులు, మొదటి దానిలో వైద్యవిద్యార్థులు పురుళ్లు పోసేవారు. మొదటి వార్డులో బాలింతజ్వరంతో చనిపోయేవాళ్లు ఎక్కువ. నిండు గర్భిణులు మోకాళ్లమీద పడి, మమ్మల్ని మొదటి వార్డులో వెయ్యవద్దు బాబూ అని ఏడ్చేవారట. పెద్దపెద్ద డాక్టర్లు గాలి మంచిది కాదన్నారు, నెల మంచిది కాదన్నారు. ఆ ఆడవాళ్లకు మాత్రం తెలుసు, ఏ గుమ్మంలోకి వెళితే ప్రాణం పోతుందో.

1847లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువవైద్యుడు కారణం కనిపెట్టాడు. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే తిన్నగా పురుటిమంచం దగ్గరికి వస్తున్నారు. సబ్బుతో కడిగినా ఆ చేతులకు శవాల వాసన పోవటం లేదు. వాసన పోగొట్టేది ఏదో అదే విషాన్నీ పోగొడుతుందనుకుని, క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగితేగాని లోపలికి రావద్దన్నాడు. మొదట ఆయన వాడింది క్లోరిన్ ద్రావకం. అది ఖరీదెక్కువ కావటంతో కొద్దికాలానికే చాలా చౌక అయిన బ్లీచింగ్ పౌడర్‌కు మారాడు. ఆయనే తన పుస్తకంలో ఈ సంగతి రాసుకున్నాడు.

1846లో ఆ వార్డులో నూటికి 11 మందికి పైగా బాలింతలు చనిపోయారు. 1848లో నూటికి ఒకరు, కొంచెం పైన. బట్టలు ఉతికే పొడి ఇంతమంది తల్లులను బతికించింది. అది చౌక కాకపోతే ఆస్పత్రి అధికారులు ఎన్నాళ్లు ఒప్పుకునేవారో! చౌకతనం కూడా ఒక్కోసారి పుణ్యం చేస్తుంది. అయితే ఆ పుణ్యాత్ముణ్ణి తోటివైద్యులు నమ్మలేదు. తమ చేతులే తల్లులను చంపుతున్నాయంటే ఏ డాక్టరు ఒప్పుకుంటాడు? ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు.

* * *

ఇప్పుడు ఈతకొలనుల దగ్గరికి వద్దాం. నీళ్లను కట్టి పెట్టుకుని అందులో మునగటం మనకు కొత్త కాదు. మొహెంజొదారో తవ్వకాల్లో బయటపడిన పెద్ద కొలను సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్లకు కొంచెం తక్కువ లోతు. నిండా నింపితే రెండు లక్షల లీటర్లు పడుతుంది. నీళ్లు ఇంకకుండా గోడలకు తారులాంటి పదార్థం పూశారు. ఒక మూల నీళ్లు బయటికి పోవటానికి తూము పెట్టారు. మందులు లేని కాలంలో కొలను శుభ్రానికి అదే ఉపాయం: పాతనీళ్లు వదిలేసి, కొత్తనీళ్లు పట్టటం.

నాలుగువేల ఏళ్ల తర్వాత ఇంగ్లండులోనూ అంతకంటె గొప్ప ఉపాయమేం లేదు. 1846లో అక్కడ స్నానశాలల చట్టం వచ్చింది. బీదవాళ్ల ఇళ్లలో స్నానాల గదులు లేవు కనక, ఊరివాళ్లు స్నానశాలలూ ఉతికే చోట్లూ కట్టించుకోవచ్చునన్నారు. తర్వాత తర్వాత వాటిల్లో ఈతకొలనులూ వచ్చాయి. నీళ్లు వారానికి ఒకసారో రెండుసార్లో మార్చేవారు. మార్చిన రోజున టిక్కెట్టు ఎక్కువ, నీళ్లు మురికయ్యేకొద్దీ టిక్కెట్టు తక్కువ. పాసిపోయిన కూర సగం ధరకి అమ్మినట్టన్నమాట!

మాంచెస్టరులో 1906లో విక్టోరియా బాత్స్ అని రాజభవనంలాంటి స్నానశాల తెరిచారు. దానికి మూడు గుమ్మాలు. ఒకదాని మీద "మొదటి తరగతి మగవాళ్లు" అని, ఇంకొకదాని మీద "రెండో తరగతి మగవాళ్లు" అని, మూడోదాని మీద ఒట్టి "ఆడవాళ్లు" అని రాతిలో చెక్కించారు. ఆడవాళ్లలో తరగతులు లేవు, అందరూ ఒకటే తరగతి. అది ఎన్నోదో నీళ్లు చెబుతాయి. తాజా నీళ్లు మొదటి తరగతి మగవాళ్ల కొలనుకు వెళ్లేవి. వాళ్లు ఈదగా ఈదగా మిగిలిన నీళ్లు రెండో తరగతి మగవాళ్లకు. వాళ్లు కూడా ఈదేసిన తర్వాత అవే నీళ్లు ఆడవాళ్ల కొలనుకు. మన అరటిపాదు లెక్కే, కాకపోతే అరటిపాదు స్థానంలో ఆడవాళ్లు!

ఎవరో దుర్మార్గులు కూర్చుని పన్నిన పన్నాగమని చెప్పను. లెక్కలు చూసుకునేవాళ్లకు నీళ్లు ఖరీదు, వాటిని వేడిచేసే బొగ్గు ఖరీదు. ఎక్కడో పొదుపు చెయ్యాలి. పొదుపు చెయ్యవలసి వచ్చినప్పుడల్లా వరసలో చివర ఎవరు నిలబడతారో మనకు తెలియనిది కాదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిన్న తల్లులను అడిగితే చెబుతారు.

* * *

ఈ వరస మారటానికి మళ్లీ ఆ పొడే దారి చూపించింది. అమెరికాలో జెర్సీ సిటీ అనే వూరికి ఒక ప్రైవేటు కంపెనీ బూన్‌టన్ జలాశయం నించి మంచినీళ్లు ఇచ్చేది. నీళ్లు శుద్ధంగా లేవని వూరివాళ్లు కోర్టుకెక్కారు. పైనున్న వూళ్ల మురుగు ఏట్లో కలవకుండా కాలవలు కట్టించాలంటే కంపెనీకి బోలెడు ఖర్చు. ఇంకేదైనా ఉపాయం వుంటే చూపించవచ్చునని జడ్జి గడువిచ్చాడు. కంపెనీ తరఫున జాన్ లీల్ అనే డాక్టరు బ్లీచింగ్ పౌడర్ నీళ్లు కొద్దికొద్దిగా కలిపే ఏర్పాటు చేయించాడు. 1908 సెప్టెంబరు 26న అది మొదలైంది. ఎవరినీ అడగలేదు! జనం తాగే నీళ్లలో మందు కలుపుతారా అని గగ్గోలు పుట్టింది. మీ ఇంట్లో పెళ్లాంబిడ్డలకు ఇవే నీళ్లిస్తావా అని కోర్టులో అడిగినా, ఇస్తాననే ఆయన సమాధానం. చివరికి కోర్టు ఆయన పద్ధతినే ఒప్పుకుంది.

కొద్ది ఏళ్లలోనే ఈ పద్ధతి వూరూరా పాకింది. టైఫాయిడ్ తగ్గుముఖం పట్టింది, పసిపిల్లల చావులు తగ్గాయి. మన వూళ్లలో కలరా వచ్చినప్పుడు నూతుల్లో కలిపిన పొడి కూడా ఇదే. వెయ్యి లీటర్లకు మంచి పొడి రెండున్నర గ్రాములు చాలునని మన ఆరోగ్యశాఖ పాఠ్యపుస్తకాల లెక్క. మన పూర్వులు చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చేవారు. అది బురదను దింపుతుంది, నిజమే. కాని కంటికి కనబడని పురుగు దానికి లొంగదు.

1910 ప్రాంతంలో అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ ఈతకొలనులో బ్లీచింగ్ పౌడర్ వేసి చూశారు. నీళ్లు మార్చనక్కర లేకుండానే క్రిములు పోయాయి. అంతే, మూడోచేతి నీళ్ల కాలానికి చెల్లుచీటీ రాసినట్టయింది. మందు నీళ్లకన్న చౌక అయ్యేసరికి, మురికినీళ్లు ఆడవాళ్లకు పంపవలసిన అవసరం తీరిపోయింది.

చౌక చేసిన చెడ్డ కూడా చెప్పుకోవాలి కదా. ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి కాస్టిక్ సోడా తీసే పద్ధతి వచ్చాక, దానితోపాటే క్లోరిన్ కుప్పలుతెప్పలుగా దొరికింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం ఆ వాయువును శత్రువుల మీదికి వదిలింది. ఆ పని నడిపించిన శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హాబర్. ఆయన భార్య క్లారా ఇమ్మెర్‌వార్ స్వయంగా రసాయనశాస్త్రంలో డాక్టరేటు సంపాదించిన మనిషి. పెళ్లయ్యాక ఆ చదువంతా ఇంటిపనిలో కలిసిపోయింది. పది రోజులు తిరక్కుండా, మే 2న ఆమె ప్రాణం తీసుకుంది. ఒకే వాయువు, ఒకచోట తల్లులను బతికించింది, ఇంకొకచోట కొడుకులను చంపింది.

* * *

ఇక ఎండ సంగతి. ఇంగ్లండులో కొలనులు కప్పుకింద వుండేవి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికాలో కాలిఫోర్నియా, ఫ్లోరిడావైపు ఇళ్ల పెరళ్లలో, ఆరుబయట కొలనులు తవ్వుకున్నారు. అప్పుడు తెలిసింది, సూర్యభగవానుడికి క్లోరిన్ అంటే గిట్టదని! పొద్దున వేసిన మందు మిట్టమధ్యాహ్నపు ఎండకు రెండు గంటల్లో చాలామటుకు హరించుకుపోతుంది. మందు కొన్న డబ్బంతా ఎండపాలు.

దీనికి విరుగుడే స్టెబిలైజర్. అసలు పేరు సైనూరిక్ ఆమ్లం. 1829లో వోలర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు యూరియాను కాచి దీన్ని తీశాడు. ఇప్పుడూ యూరియాతోనే చేస్తారు. 1950ల్లో ఇది కొలనుల్లోకి వచ్చింది. ఎండలో పిల్లను పమిటచెంగు కింద దాచుకున్నట్టు ఇది క్లోరిన్‌ను దాచిపెడుతుంది, అవసరమైనప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. కొంగు మరీ బిగిస్తే మాత్రం పిల్ల కదలలేదు. స్టెబిలైజర్ ఎక్కువైతే క్లోరిన్ వుండీ పని చెయ్యదు, నీళ్లు పాచిపడతాయి. పదిలక్షల పాళ్ల నీటికి 30 నించి 50 పాళ్లు చాలు. నూరు దాటితే చిక్కు.

మన కలమూ కాగితమూ తీద్దాం. ఏ మందైనా డబ్బా ధర చూడకూడదు, అందులో అసలు క్లోరిన్ ఎంతో చూడాలి. పాలవాడు లీటరెంతకు పోశాడని కాక, నీళ్లు పోగా పాలెన్ని అని చూసినట్టు. కిలో క్లోరిన్ కావాలంటే బ్లీచింగ్ పౌడర్ మూడు కిలోలు, కాల్షియం హైపోక్లోరైట్ అనే గట్టిపొడి ఒకటిన్నర కిలోలు, నూటికి పదిపాళ్లున్న ద్రావకం సుమారు పది లీటర్లు, ట్రైక్లోర్ బిళ్లలు కిలోం పాతిక్కి తక్కువే, ఒక కిలో నూరు గ్రాములు. మీ వూళ్లో కొట్టువాడు చెప్పిన ధరను ఈ అంకెలతో హెచ్చవేయండి. నిజమైన ధర బయటపడుతుంది.

కాని లెక్క అక్కడితో అయిపోదు. బ్లీచింగ్ పౌడర్ అడుగున సున్నపుమడ్డి మిగులుతుంది. కలిపి, తేర్చి, తేట మాత్రమే పోయాలి. అది పనివాడి శ్రమ. ద్రావకం మన ఎండలకు నిలవలో బలం పోగొట్టుకుంటుంది. నెలల తరబడి నిలవవేస్తే పచ్చడి కాదు, పారబోసుకోవలసిన నీళ్లే. బిళ్లలు చూడటానికి సుఖం. వేసి వూరుకుంటే నెమ్మదిగా కరుగుతాయి, క్లోరిన్ పాలూ ఎక్కువే. అయితే వాటిలో సగానికి పైగా బరువు సైనూరిక్ ఆమ్లానిదే. క్లోరిన్ వాడుకైపోతుంది, అది మాత్రం కదలకుండా కూర్చుంటుంది. మరుగుతున్న చారులో నీళ్లు ఇగిరిపోతే ఉప్పు ఇగరదు కదా, అలాగన్నమాట. పైన ఎన్ని నీళ్లు కలిపినా, పాతనీళ్లు బయటికి పోతేనే ఇదీ పోతుంది.

మొహెంజొదారో కొలనులో సగం, అంటే లక్ష లీటర్ల కొలను అనుకోండి. రోజుకు 200 గ్రాముల క్లోరిన్ చొప్పున బిళ్లలే వాడితే, నెలకు మూడు కిలోల ఆరువందల గ్రాముల సైనూరిక్ ఆమ్లం చేరుతుంది. పదిలక్షలకు 36 పాళ్లు. మూడు నెలలకు నూరు దాటుతుంది. అప్పుడు కొలనులో సగం నీళ్లు వదిలెయ్యాలి. సగమంటే 50 వేల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లయితే పది. పదిహేను లీటర్ల బిందెలయితే మూడువేల మూడువందల పైచిలుకు! ఫిబ్రవరిలో బిళ్లలు మొదలుపెడితే ఇది ఎప్పుడొస్తుందో చూడండి. సరిగ్గా మే నెలలో, కుళాయి వంతుల కాలంలో.

అదే స్టెబిలైజర్‌ను మొదట్లో ఒకసారి మూడు కిలోలు విడిగా వేసుకుని, రోజువారీకి ద్రావకమో గట్టిపొడో వాడితే ఈ తిప్పలు వుండవు. కప్పుకింద కొలనుకైతే ఎండే లేదు, స్టెబిలైజరే అక్కర్లేదు. ఒక హెచ్చరిక మాత్రం: బిళ్లలూ గట్టిపొడీ ఒకే డబ్బాలో, ఒకే చెంచాతో కలపకూడదు, మంటలు లేస్తాయి. ఏ క్లోరిన్ మందులోనూ యాసిడ్ పడకూడదు, ఈప్ర్‌లో వదిలిన వాయువే మీ మోటారుగదిలో తయారవుతుంది. అన్నిటికన్న చౌకమందు ఇంకొకటి వుంది: కొలనులో దిగేముందు ఒంటిమీద రెండు చెంబుల నీళ్లు. కళ్లు మండించే ఆ ఘాటు వాసన క్లోరిన్ ఎక్కువై రాదు. చెమటా, చెప్పరానిదీ దానితో కలిస్తే వస్తుంది.

రేపు ఖర్చుల కాగితం చేతికొస్తే, లేచి వెళ్లిపోకండి. మందెంతకు కొన్నారని ఒక్కటే అడిగి వూరుకోకండి. దానిలో అసలు క్లోరిన్ ఎంత, స్టెబిలైజర్ పాళ్లు ఎప్పుడు పరీక్ష చేయించారు, కిందటి ఏడు కొలను నీళ్లు ఎన్నిసార్లు వదిలారు, ఈ మూడూ అడగండి. మందు ఖర్చు రసీదుమీద కనిపిస్తుంది. నీళ్ల ఖర్చు ఏ రసీదులోనూ కనిపించదు. కొలను సగం ఖాళీ చేసిన రోజున కింద పనిమనిషి వుండే వాడలో కుళాయి దగ్గర బిందెల వరసలో కనిపిస్తుంది. చౌక అన్నమాట వినబడ్డప్పుడు, ఎవరికి చౌక అని అడిగేవాళ్లు ఒకరుండాలి. మాంచెస్టరులో మూడో గుమ్మంలోంచి వెళ్లినవాళ్లను అడిగినవాళ్లు లేరు. మనల్ని మాత్రం మీటింగుకి పిలుస్తూనే వున్నారుగా!